మూడో క్వార్టర్ స్కోరు

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ల్యాబ్‌లో గోధుమ గింజలు మొలకకి పెడుతున్నాను. ఇక్కడ కెనడాలో, మా సస్కటూన్‌లో ఆ రోజు తొలి మంచు పడింది. ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి. నేను అక్కా అని పిలుస్తాను.

"నాన్న పొద్దున్నే వెళ్ళిపోయారు. నిద్రలోనే. చాలా పీస్‌ఫుల్‌గా" అంది. కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక ఇంకో మాట అంది. "లాస్ట్ దాకా ఆయనకేం తెలీదు. నాకు అదొక్కటే సాటిస్‌ఫాక్షన్."

ఏం తెలీదక్కా అని అడిగాను. అప్పుడు చెప్పింది. మే నెలలోనే డాక్టర్లు తేల్చేశారట. క్లోమంలో క్యాన్సర్. ఆకులు రాలేదాకా ఉంటే ఎక్కువన్నారట. తనకీ, విమానమెక్కి వెళ్ళాల్సిన ఏజాక్స్‌లో ఉన్న తన భర్తకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. మిగతా అందరికీ "వయసు కదా, వీక్‌నెస్" అని చెప్పింది. ఆ అందరిలో నేనూ ఉన్నాను. సార్ కూడా ఉన్నారు.

ఫ్యూనరల్ హోమ్‌కి ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు అక్క చేతులు పట్టుకుని ఒకే మాట అన్నారు. "అదృష్టవంతుడమ్మా. ఏమీ తెలియకుండానే దాటిపోయాడు. ఎంతమందికి దొరుకుతుంది అలాంటి చావు!" నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ రభస చేయడం బాగుండదని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ మాటకి జవాబుగానే. మా సార్ అదృష్టవంతుడు కాదు. ఆయన దగ్గరున్న ఆఖరి ముక్కని ఆయనకి తెలియకుండా లాగేసుకున్నారు. అదెలాగో చెప్పాలంటే ముందు మీకు ఒక ఆట గురించి చెప్పాలి. మీలో చాలామంది పేరైనా విని ఉండరు. కాస్త ఓపిక పట్టండి.

సార్‌ది బాపట్ల దగ్గర. వ్యవసాయం చదివి, గోధుమకి వచ్చే తుప్పు తెగులు మీద పరిశోధన చేయడానికి వయసులో ఉండగా మెల్‌బోర్న్ వెళ్ళారు. అక్కడే కొన్నేళ్ళుండి, పెళ్ళి చేసుకుని, అక్క పుట్టాక సస్కటూన్ యూనివర్సిటీకి వచ్చేశారు. నేను కరీంనగర్ నుంచి మాస్టర్స్‌కి వచ్చి ఆయన ల్యాబ్‌లో చేరాను. చేరిన మొదటి వారంలోనే పిలిచి, "శనివారం పొద్దున టిఫినుకి ఇంటికి రామ్మా. కానీ వచ్చేముందు ఇంటర్నెట్‌లో ఏ ఆటల వార్తలూ చూసి రాకు" అన్నారు. నేను జన్మలో ఆటల వార్తలు చూసినదాన్ని కాదు. అయినా భయపడి ఫోన్ ఆఫ్ చేసుకుని మరీ వెళ్ళాను.

వెళ్ళేసరికి సార్ భార్య, ఆంటీ, పెసరట్లు పోస్తున్నారు. సార్ మెడలో ఎరుపు, తెలుపు, నలుపు చారల ఉన్ని స్కార్ఫ్ ఉంది. టీవీలో కోడిగుడ్డులాంటి బంతి కోసం పొట్టి నిక్కర్ల మనుషులు ఒకరి మీద ఒకరు ఎక్కుతున్నారు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్. క్రికెట్ మైదానంలాంటి గుండ్రటి మైదానంలో ఆడతారు. మెల్‌బోర్న్‌లో శనివారం మధ్యాహ్నం ఆడే ఆట ఇక్కడ సస్కటూన్‌లో శుక్రవారం రాత్రే అయిపోతుంది. సార్‌కి తొమ్మిదింటికల్లా పడుకోవడం అలవాటు. అందుకని రికార్డర్‌కి అప్పగించి పడుకునేవారు. తెల్లారాక అది ఎక్కడో అయిపోయిన ఆట అని ఒప్పుకునేవారు కాదు. ఆయన చూస్తుండగానే అది జరగాలి.

అందుకే ఆ ఇంట్లో శనివారం పొద్దున ఒక కట్టుబాటు ఉండేది. స్కోరు ఎవరూ చెప్పకూడదు. ఫోన్ వైరు పీకేసి ఉండేది. ఏజాక్స్ నుంచి అక్క మధ్యాహ్నం దాటాకే చేయాలి. అటుపక్క ఇంటి కెనడా ఆయన కూడా ఆ టైమ్‌లో సార్ కనబడితే ముఖం పక్కకి తిప్పుకుని పోయేవాడు. పాపం ఆయనకి ఆ ఆటేమిటో కూడా తెలీదు. ఎందుకైనా మంచిదని జాగ్రత్త.

ఆట నాలుగు క్వార్టర్లు. క్వార్టర్ అవగానే సార్ పాజ్ నొక్కి లేచేవారు. తెర మీద స్కోరు అలా నిలబడి ఉండేది. ఆయన దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఎంత వెనకున్నాం? గాలి ఎటు వీస్తోంది? వచ్చే క్వార్టర్‌లో ఏం చేయాలి?" అని మమ్మల్ని అడిగేవారు. నాకు ఏం తెలుసు? ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆంటీ మాత్రం అట్లకాడ ఊపుతూ, "ఏం చేసినా ఓడిపోతారు. గెలవనివాళ్ళకి స్కార్ఫొకటి, నాచేత అల్లించి" అనేవారు. మూడో క్వార్టర్ తర్వాత పాజ్ అన్నిటికన్నా పెద్దది. అప్పుడు సార్ స్వయంగా కాఫీ పెట్టేవారు. ఆ కాఫీ తాగేంతసేపూ ఎదురుగా స్కోరు ఉండాల్సిందే. "ఇక్కడ లెక్క తెలియనివాడు నాలుగోది ఆడడమ్మా, గంతులేస్తాడంతే" అనేవారు. ఈ ముక్క దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఆయన జట్టు ఎప్పుడూ ఓడిపోయే జట్టు. సముద్రం పక్కనున్న పేటది. సార్ మెల్‌బోర్న్‌లో దిగినప్పుడు అద్దెకున్న ఇంటి ముసలావిడ తన వెంట మైదానానికి తీసుకెళ్ళి అంటించిన జబ్బు అది. వాళ్ళు చాంపియన్లయింది ఒక్కసారి. అదీ సార్ అక్కడికి వెళ్ళకముందే. అదీ ఒకే ఒక్క పాయింటు తేడాతో. ఆ పాయింటు కూడా గురి తప్పిన దెబ్బకి వచ్చింది. ఈ ఆటలో రెండు పెద్ద స్తంభాల మధ్య కొడితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్కనున్న చిన్న స్తంభం లోపలగా పోయినా ఒకటిస్తారు. సార్‌కి అది మహా ఇష్టం. "ప్రపంచంలో తప్పిపోయినందుకు కూడా పాయింటిచ్చే ఆట ఇదొక్కటే" అని, పరీక్ష పేపర్లు కూడా అలాగే దిద్దేవారు. లెక్క తప్పినా దారి సరైనదైతే మార్కు పడేది.

దయగల మనిషే గానీ, ఉన్నది దాచేవారు కాదు. మొదటి ఏడాది గ్రీన్‌హౌస్‌లో నా మొక్కలన్నీ చచ్చిపోయాయి. నా థీసిస్ కమిటీలో మిగతావాళ్ళు "ఇట్స్ ఓకే, ఇట్ హ్యాపెన్స్" అని భుజం తట్టి పోయారు. సార్ మాత్రం తలుపు వేసి కూర్చోబెట్టారు. "బాగా వెనకబడ్డావమ్మా. ఇట్లాగే పోతే డిగ్రీ రాదు. నీకీ మాట ఎవరూ చెప్పరు, అందుకని నేను చెప్తున్నా. ఇప్పుడు రెండో క్వార్టరే. ఏం చేద్దామో చెప్పు."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే, "మళ్ళా మొదటికెళ్ళి నాటుతా సార్" అన్నాను. ఇవాళ నేను తింటున్న తిండి ఆ మాట వల్ల వచ్చిందే. కమిటీ తట్టిన భుజం వల్ల కాదు.

ఇక ఆ సీజన్ సంగతి. నేను ఇంకా ఆయన స్టూడెంటుగా ఉన్న రోజులు. అంతకుముందు ఏడు సార్ జట్టు ఫైనల్‌కి వచ్చి కొద్దిలో ఓడిపోయింది. ఆ ఏడు మళ్ళీ వచ్చింది. పోయినేడు చేయి జారింది ఈసారి దొరుకుతుందని సార్ సెప్టెంబరంతా కాలు నేల మీద పెట్టలేదు. ఆ శనివారం నేనూ ఉన్నాను. ఆఖరి నిమిషాలు. సార్ జట్టు ఒక్క పాయింటు వెనక. ఎవరో దూరం నుంచి కొట్టిన బంతి గోలు ముందు పడింది. దాని వెంట సార్ జట్టువాడు పరుగెడుతున్నాడు. చేతికందితే చాలు, కప్పు వాళ్ళదే. గుడ్డు ఆకారం బంతి కదా, నేల మీద పడి ఎటు లేస్తుందో దేవుడికి తెలియాలి. అది వాడికి కాకుండా అవతలికి లేచి పక్క స్తంభం లోపలగా పోయింది. ఒక్క పాయింటు. స్కోరు సమం. కాసేపటికి ఆట అయిపోయినట్టు సైరన్ మోగింది.

గెలుపు లేదు, ఓటమి లేదు. ఆటగాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ గడ్డి మీద కూలబడిపోయారు. ఏడవాలో నవ్వాలో వాళ్ళకే తెలీదు. అంత పెద్ద స్టేడియం నోట మాట లేదు. అప్పట్లో ఫైనల్ సమమైతే మరుసటి శనివారం మొత్తం ఆట మళ్ళీ ఆడాలని రూలు. ఇప్పుడు ఆ రూలు తీసేశారు. అదనపు సమయం ఇచ్చి అప్పటికప్పుడే తేల్చేస్తారు. సార్ స్కార్ఫ్‌తో మొహం తుడుచుకుని, "ఇంకో వారం బతికాం" అన్నారు.

ఆ వారం ల్యాబ్‌లో ఆయన పాటలు పాడారు. శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి పెసరపిండి రుబ్బి ఉంది, డిస్క్ రికార్డర్‌లో సిద్ధంగా ఉంది. సార్ రిమోట్ చేతిలోకి తీసుకుంటుండగా బెల్ మోగింది. తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు. దసరా పండగకి పిలవడానికి వచ్చారు. వచ్చిన మనిషి పిలిచి ఊరుకోవచ్చు కదా. పెద్దాయనకి ఇష్టమైన విషయం మాట్లాడి సంతోషపెడదామని పాపం ఇంటి దగ్గర పనిగట్టుకుని చూసుకుని వచ్చారు. చెప్పులు విప్పుతూనే, "అయ్యో ప్రొఫెసర్ గారూ, మీవాళ్ళు మళ్ళీ పోయారంట కదండీ. ఈసారి మరీ చిత్తుగా!" అన్నారు.

ఆంటీ చేతిలో గరిట ఆగిపోయింది. సార్ ఆయన్ని కూర్చోబెట్టి, పెసరట్టు పెట్టించి, పండగకి తప్పకుండా వస్తామని చెప్పి, కారు దాకా వెళ్ళి సాగనంపారు. తిరిగొచ్చి డిస్క్ తీసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, టీవీ కింద అరలో నిలబెట్టారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"చూడరా సార్?"

"ఇవాళ కాదు."

"ఓడిండ్రని తెలిసినంక ఇంకెప్పుడు చూసినా ఒకటే కదా సార్?"

"ఓడారని తెలిసింది. ఎలా ఓడారో తెలీదుగా. అది ఎవరో చెప్తే తెలిసేది కాదమ్మా, కూర్చుని చూడాలి. ఉండనీ. నా మూడో క్వార్టర్ అయిపోయిందని తెలిసిన రోజు పెట్టుకుని చూస్తా. నువ్వూ రావాలి. కాఫీ నేనే పెడతా."

నవ్వుతూ అన్నారు గానీ వేళాకోళానికి అన్నమాట కాదది. తర్వాత ఎన్ని శనివారాలు వెళ్ళానో, ఆ డబ్బా అక్కడే ఉండేది. ఆంటీ దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేవారు. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, సార్ రిటైరయ్యారు. కొత్త సీజన్లు వచ్చిపోయాయి. ఆ ఒక్క ఆటా మిగిలే ఉంది.

ఆంటీకి జబ్బు చేసినప్పుడు చెప్పింది సారే. డాక్టర్‌ని చెప్పనివ్వలేదు, ఇంటికి తీసుకొచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి తనే చెప్పారు. అక్క ఆ రోజు ఏజాక్స్ నుంచి వచ్చి అక్కడే ఉంది. నేనూ ఉన్నాను. సార్ ఏదో క్వార్టర్ అని మొదలుపెట్టబోతే ఆంటీ, "మీ ఆట గోల నాకొద్దు. తిన్నగా చెప్పండి" అన్నారు. తిన్నగా చెప్పారు. ఆవిడ చాలా ఏడ్చారు. కొన్నాళ్ళు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత లేచి, ఏళ్ళ తరబడి మాటల్లేని చెల్లెలికి ఫోన్ చేశారు. మొదటి రోజు పోట్లాడుకున్నారు. రెండో రోజు కూడా పోట్లాడుకున్నారు. ఆ పైన ఆవిడ పోయేదాకా రోజూ పొద్దున ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళ నవ్వులు వినబడేవి. చెప్పకపోతే ఆ ఫోన్ చేసేవారా? ఇది నేనొక్కదాన్నే చూడలేదు. అక్క కూడా చూసిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఈ మే నెలలో సార్ బాగా చిక్కిపోయారు. అక్క ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకునేలా మాట్లాడుకుని వచ్చేసింది. నేను శనివారాలు వెళ్ళేదాన్ని. ఆటలు చూసేవాళ్ళం. సార్ రెండో క్వార్టర్‌లోనే కునుకు తీసేవారు. నేను పాజ్ నొక్కి కూర్చునేదాన్ని. వంటింట్లోకి వెళ్ళి అక్కని అడిగితే, "జస్ట్ వీక్‌నెస్. టెస్టులన్నీ ఓకే. నువ్వు మరీ వర్రీ అవ్వకు" అనేది. నేను నమ్మాను. కన్నకూతురు చెప్తే నమ్మకుండా ఎలా ఉంటాను?

సెప్టెంబరులో ఒక శనివారం. అక్క కూరగాయలకి వెళ్ళింది. సార్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. స్కార్ఫ్ మెడకి రెండు చుట్లు తిరిగింది, అంతగా తగ్గిపోయారు. ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"అమ్మా, ఒకటి అడుగుతాను. మా అమ్మాయిని అడిగితే నవ్వేసి మందులిస్తుంది. డాక్టర్ని అడిగితే ఆయన దాని మొహం చూస్తాడు. నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. నేను ఏ క్వార్టర్లో ఉన్నాను?"

అక్క చెప్పిందే నా బుర్రలో ఉంది. అదే నిజమనుకున్నాను. ఆయన దిగులు పోగొట్టాలని గొంతు పెంచి మరీ చెప్పాను. "ఇంకా హాఫ్ టైమ్ కూడా కాలే సార్. అక్కని గట్టిగ అడిగిన. రిపోర్టులన్నీ మంచిగున్నయంట."

"నిజమేనా?"

"నిజం సార్."

కాసేపు నన్నే చూశారు. ఆయన ఒళ్ళు ఆయనకి వేరే ఏదో చెబుతూ ఉండి ఉంటుంది. కానీ ఆయన ఒంటి మాటకన్నా నా మాటే ఎక్కువ నమ్మారు. టీవీ కింద అర వైపు చూసి, తల ఊపారు.

"సరే అయితే. దాన్ని ఇప్పుడే తీయక్కర్లేదు. మంచు పడ్డాక చూద్దాంలే, తీరిగ్గా."

నేను సరే సార్ అన్నాను. ఆయన నన్ను ఎప్పుడూ నిజం చెప్పే మనిషిగా తయారుచేశారు. ఆ నోటితోనే ఆయనకి ఆ అబద్ధం చెప్పించారు. ఇందుకు నేను ఎవరినీ క్షమించలేకపోతున్నాను. పెద్దదానివి కదా, సర్దుకుపోవాలి అని మా ఆయన అంటాడు. నాకు సర్దుకుపోవాలని లేదు.

దహనం రోజున ప్రెసిడెంట్ గారు కూడా మాట్లాడారు. ఇప్పుడాయన మాజీ. సార్ మంచితనం గురించి, పెసరట్ల గురించి చెప్పి, ఏమీ తెలియకుండా పోవడం పుణ్యాత్ములకే దక్కుతుందని ముగించారు. చెప్పకూడని రోజున ఆయనే వచ్చి చెప్పారు. చెప్పాల్సిన రోజున ఆయనకి ఎవరూ చెప్పలేదు, పైగా ఊరంతా దాన్ని పుణ్యం అంటోంది. సార్‌కి పట్టుపంచె కట్టి, జరీ కండువా కప్పారు. స్కార్ఫ్ అలమరలో ఉందని నాకు తెలుసు. అడగాలనిపించలేదు.

పదో రోజు అయ్యాక అక్కని అడిగేశాను. ఎందుకు చెప్పలేదక్కా అని.

"మొదటి రోజే డాక్టర్ నాన్నని అడిగాడు, డీటెయిల్స్ నీకు చెప్పాలా, ఫ్యామిలీకి చెప్పాలా అని. నాన్న నవ్వి, స్కోరు నాకొద్దు, మా అమ్మాయికి చెప్పండి అన్నారు. ఆయనే అన్నారు! నువ్వు చూశావు కదా, స్కోరు చెప్తే ఆయనకి ఎంత అప్‌సెట్టో. నేను ఆయన విష్ ప్రకారమే చేశాను."

"ఆయన వద్దన్నది ఆఖరి స్కోరక్కా. ఎప్పుడు పోతరో చెప్పొద్దన్నరు. ఎంత ఎనకున్నరో చెప్పొద్దనలే. ప్రతి క్వార్టర్‌కి టీవీ ఆపి స్కోరు ముందట నిలబడేటోరు కదా! చిన్నప్పటినుంచి చూసినవు కదా నువ్వు!"

అక్క నెమ్మదిగా అంది. "అమ్మకి చెప్పిన రోజు నువ్వు కూడా ఉన్నావు. ఆ ఫేస్ నేను మర్చిపోలేదు. మళ్ళీ నాన్న ఫేస్‌లో అది చూడటం నావల్ల కాలేదు. దట్స్ ఆల్."

"ఆ తర్వాత ఆంటీ నవ్వింది కూడా చూసినవు కదక్కా."

"అది నాకు గుర్తు లేదు" అంది. నిజంగానే గుర్తు లేదనుకుంటాను. అక్క అప్పుడు వచ్చి ఆంటీ ఏడుపు చూసి, టికెట్ టైమ్‌కి ఏజాక్స్ వెళ్ళిపోయింది. నవ్వులు విన్నది సారూ నేనూ. అయినా నా కోపం తగ్గలేదు. ఆవిడా తగ్గమని అడగలేదు. ఇల్లు అమ్మకానికి పెడుతున్నానని, ఏమైనా కావాలంటే తీసుకోమని చెప్పి పైకి వెళ్ళిపోయింది. నేను రికార్డరూ, ఆ డిస్కూ తీసుకుని వచ్చేశాను.

పోయిన శనివారం పొద్దున పెసరట్లు పోసి, టిఫిన్ చేసి, అది పెట్టాను. ఇన్నేళ్ళ తర్వాత తిరుగుతుందో లేదో అనుకున్నాను. శుభ్రంగా తిరిగింది. మొదటి క్వార్టర్‌లోనే సార్ జట్టు వెనకబడింది. ఒకడు తాపీగా గోలు కొట్టబోతుంటే అవతలివాడు వెనక నుంచి వచ్చి బంతి మీద పడి ఆపేశాడు. ఇలా ఓడారన్నమాట. ఆయన ఉంటే ఇక్కడ తిట్టేవారు, ఇక్కడ లేచి నిలబడేవారు అనుకుంటూ చూశాను.

మూడో క్వార్టర్ అయింది. స్కోరు తెర మీదికి వచ్చింది. ఇక అందుకోలేనంత వెనక. చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. పాజ్ నొక్కబోయి ఆగాను. ఎర్ర, తెల్ల, నల్ల చారలవాళ్ళంతా మైదానం మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా చేరారు. మధ్యలో నిలబడి కోచ్ ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో వినబడదు. స్కోరుబోర్డు అందరికీ కనబడేంత ఎత్తులో వెలుగుతోంది. దాని మీద ఎవరూ గుడ్డ కప్పలేదు. వాళ్ళు నీళ్ళు తాగారు, సీసాలు గడ్డి మీద పడేశారు, నాలుగో క్వార్టర్ ఆడటానికి ఎవరి చోటుకి వాళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళారు.